ఇరుగుపొరుగుల సంఘములు

ఒక యింటి కష్టము ఒక్కరు చెప్పుకొన్న మొఱ యగును. పది యిండ్లవారు కలసి చెప్పినచో దానికి విచారణ గలుగును. అద్దెకున్నవారి సంఘములును, పేటవాసుల సంఘములును ఇందులకే పుట్టినవి. ఇవి పురుషుల వ్యవహారమని మనలో పలువురి తలంపు. అది సరికాదనుటకు స్కాట్లండునందలి గ్లాస్గో నగర చరిత్రయే సాక్ష్యము.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఓడలను, ఆయుధములను నిర్మించు కర్మాగారములలో పనికై వేలకొలది జనులు ఆ నగరమునకు వచ్చిరి. ఇండ్లు చాలవయ్యెను. ఇదే యదనుగా యజమానులు 1915లో అద్దెలు పెంచిరి. ఇయ్యలేనివారిని వెడలగొట్టుటకు కోర్టు అమీనాలను పంపిరి. భర్తలు యుద్ధమునకు పోగా, బిడ్డలతో నున్న స్త్రీ లెందఱకో నిలువ నీడ కఱవగు స్థితి వచ్చెను.

అప్పుడు గోవను పేటలో మేరీ బార్బరు అను గృహిణి ఇరుగుపొరుగు స్త్రీలను సంఘముగా కూర్చెను. వారి సమావేశములు వంటిండ్లలోను, పెరళ్లలోను జరిగెను. పెంచిన అద్దెను చెల్లింపమని వారు కట్టుబడిరి. అమీనా కనబడగానే కావలి యున్న స్త్రీ గంట మ్రోగించెడిది. తక్కినవారు చేతిలోని పని విడిచి పరుగున వచ్చి, పిండి పొట్లములు విసరి వాని నడ్డగించెడివారు. నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబములు ఇందు చేరెను. ఆ నెల 17వ తేదీన కొందఱిని న్యాయస్థానమునకు పిలిపింపగా, స్త్రీలును కార్మికులును వేలకొలదిగా తరలివచ్చిరి. వ్యాజ్యములు విరమింపబడెను. ఆ సంవత్సరాంతముననే పార్లమెంటు చట్టము చేసి, చిన్న యిండ్ల అద్దెలను 1914 ఆగస్టు నాటి మట్టముననే నిలిపెను. మేరీ బార్బరు 1920లో నగరసభకు ఎన్నికయ్యెను.

ఈ విజయమునకు ధనము మూలము కాదు. ఏ యింట నేమి లోటో ఎఱిగినవారు ఒక్క మాటపై నిలుచుటయే మూలము. మన పేటలలోను కుళాయి రాని దినమును, మురుగు పొంగిన దినమును తఱచుగా మొదట నెఱుగునది గృహిణియే. అయినను సంఘపు పుస్తకమున భర్త పేరే యుండును. సభకు నతడే పోవును. ఆంధ్రప్రదేశ, తెలంగాణములలో 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు కలసినచో సంఘము నెలకొల్పవచ్చును. ఆ యేడుగురును పురుషులే కావలెనని యెచ్చటను లేదు.

మఱియొక మాట. సొంత యింటివారి సంఘములు కొన్ని అద్దెకున్నవారిని సభకు పిలువవు. వారును ఆ నీరే త్రాగుచున్నారు గదా! రాబోవు సభకు మీరు పొండు. పొరుగున అద్దెకున్న యామెను వెంటబెట్టుకొని పొండు. చందాల లెక్కను చదువుమని యడుగుడు. ఇంటి లెక్క చూచువారికి సంఘపు లెక్క కష్టము కాదు.