ఎముక మజ్జ క్యాన్సర్ గుట్టు రక్తంలోనే తెలుస్తుందా? ఇమ్యూనిటీ సెల్స్ ఏం చెబుతున్నాయంటే..

ఛఠ్ పండుగ పాటలతో దేశమంతా పేరు తెచ్చుకున్న బిహార్ గాయని శారదా సిన్హా 2024 నవంబర్ 5న ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఆమెకున్న జబ్బు మల్టిపుల్ మైలోమా. అంటే ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్. కానీ చివరికి ప్రాణం తీసింది సెప్టిసీమియా, అంటే రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్ అని ఆసుపత్రి చెప్పింది. నటి కిరణ్ ఖేర్‌కి కూడా ఇదే క్యాన్సర్ ఉందని 2021లో బయటపడింది.

ఈ జబ్బులో ఇన్ఫెక్షన్ల భయం ఎందుకంత ఎక్కువ? ఎందుకంటే ఇక్కడ చెడిపోయేదే ఇమ్యూనిటీ సెల్. మజ్జలోని ప్లాస్మా కణాల పని యాంటీబాడీలు తయారు చేయడం. అవే క్యాన్సర్‌గా మారితే ఎందుకూ పనికిరాని ఒకే రకం ప్రొటీన్‌ను కుప్పలుగా వదులుతాయి. అసలైన యాంటీబాడీలు తగ్గిపోతాయి. రిపోర్టులో ప్రొటీన్ ఎక్కువే కనిపిస్తుంది, మనిషికి మాత్రం మాటిమాటికీ న్యుమోనియా!

అంతటితో ఆగదు. రక్తంలో తిరిగే టీ సెల్స్, ఎన్‌కే సెల్స్ లెక్కలు, తీరు కూడా మారిపోతాయి. కొన్ని టీ సెల్స్ ఆపకుండా పోరాడి అలసిపోతాయి.

2022లో బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఈ మార్పుల మీదే ఫోకస్ పెట్టారు. వాళ్లు చూసింది 'స్మోల్డరింగ్ మైలోమా' పేషెంట్లను. నివురుగప్పిన నిప్పు లాంటి దశ ఇది. క్యాన్సర్ కణాలు ఉంటాయి, లక్షణాలు ఉండవు. ఆ దశలోనే ఇమ్యూనిటీ సెల్స్ మారిపోయాయని, మజ్జలో కనిపించిన మార్పులు చాలావరకు రక్తంలోనూ ఉన్నాయని తేలింది. ట్రీట్‌మెంట్ తర్వాత ఈ సెల్స్ మామూలు స్థితికి వచ్చినవాళ్లలో జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంది.

ఇదెందుకు ముఖ్యం? మజ్జ పరీక్ష అంటే తుంటి ఎముకలోకి సూది దించాలి. నెలనెలా చేసేది కాదు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. స్మోల్డరింగ్ దశలో ఉన్నవాళ్లలో మొదటి ఐదేళ్లు ఏడాదికి సుమారు 10 శాతం మందికి జబ్బు ముదురుతుంది. రిస్క్ ఎక్కువ ఉన్నవాళ్లకు డారాటుముమాబ్ మందు ముందే ఇస్తే ఐదేళ్లకు కూడా 63 శాతం మందిలో ముదరలేదు. మందు లేకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో అది 41 శాతమే. అంటే మందు లేకపోయినా కొందరు బాగానే ఉన్నారన్నమాట. ఖరీదైన మందు, పైగా ఇన్ఫెక్షన్ల రిస్క్ పెంచేది. ఎవరికి నిజంగా అవసరమో రక్త పరీక్ష తేల్చగలిగితే, అప్పుడే ఈ పరిశోధనకు అసలు విలువ.

అయితే ఇది కొద్దిమంది పేషెంట్ల మీద చేసిన పరిశోధనే. ఈ టెస్టు వీధి చివర ల్యాబ్‌లో దొరికేది కాదు. ప్రస్తుతానికి డాక్టర్లు చూసేది సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చైన్స్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాల్షియం. అరవై దాటినవాళ్లకు తగ్గని నడుము నొప్పితో పాటు రక్తహీనత కూడా ఉంటే ఈ టెస్టుల గురించి డాక్టర్‌ని అడగొచ్చు. మైలోమా ఉన్నవాళ్లకు జ్వరం వస్తే మాత్రం పారాసిటమాల్ వేసుకుని ఇంట్లో ఉండిపోకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.