చెర్రీ పూల దారిలో ఓ కారు చుట్టు

ఉగాది దగ్గరపడుతోందంటే మన పెరట్లో వేపచెట్టు పూస్తుంది, మావిడి కొమ్మ మీద కోయిల గొంతు విప్పుతుంది. కాస్త అటూ ఇటూగా ఆ రోజుల్లోనే అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో చెర్రీ చెట్లు పూస్తాయి. అప్పటికి వాటికి సరిగ్గా ఆకులైనా రావు. కొమ్మ కొమ్మంతా పూలే! తెల్లగా, కొద్దిగా గులాబీ రంగు కలిసినట్టు ఉంటాయి. చిక్కల్లా ఒకటే... ఆ నిండుదనం కొద్ది రోజుల ముచ్చట. మధ్యలో గాలివాన వచ్చిందా, అదీ లేదు.

వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉంటున్న పిల్లల దగ్గరికి మన పెద్దవాళ్లు చాలామంది వెళ్తుంటారు. ఎక్కువమంది చూసే చెర్రీ చెట్లు టైడల్ బేసిన్ అనే కొలను చుట్టూ ఉన్నాయి. దాన్ని ఓ చుట్టు చుట్టాలంటే మూడు కిలోమీటర్ల పైనే నడవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకో, ఆయాసం ఉన్న నాన్నకో అది సాధ్యమా? అందుకే ఈ వారం, కారు దిగకుండానే చాలావరకు చూసేయగల దారి చెప్పుకుందాం.

ఎప్పుడు వెళ్లాలి?

కొలను చుట్టూ ఉన్న 'యోషినో' రకం చెట్ల పూమొగ్గల్లో 70 శాతం విచ్చుకున్న రోజును నిండు పూతగా లెక్కిస్తారు. మామూలుగా అది మార్చి ఆఖరులోనో, ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. కానీ చెట్టుకు క్యాలెండర్‌తో పనేముంది? 1990లో మార్చి 15కే వచ్చేసింది. 1958లో ఏప్రిల్ 18 దాకా రాలేదు. 2017 మార్చిలో మంచు కొట్టి సగం పూమొగ్గలు మాడిపోయాయి. కాబట్టి నెల ముందే తేదీ ఖాయం చేసుకుని కూర్చోవద్దు. నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లు మొగ్గ ఏ దశలో ఉందో ఎప్పటికప్పుడు చెబుతుంటారు. అది చూసుకుని బయల్దేరడమే.

దారి ఇదీ...

వర్జీనియా వైపు నుంచి వస్తుంటే జార్జ్ వాషింగ్టన్ మెమోరియల్ పార్క్‌వే ఎక్కండి. పోటోమాక్ నది పక్కనే సాగే రోడ్డు ఇది. ఆర్లింగ్టన్ మెమోరియల్ బ్రిడ్జి మీదుగా నది దాటితే ఎదురుగా లింకన్ స్మారకం. అక్కణ్నుంచి నది ఒడ్డున సాగే ఒహాయో డ్రైవ్ పట్టుకుంటే వెస్ట్ పోటోమాక్ పార్కు మీదుగా ఈస్ట్ పోటోమాక్ పార్కుకు చేరతారు. రెండు వైపులా నీళ్లున్న పొడవాటి నేల అది. దాని అంచునే తిరిగొచ్చే రోడ్డు సుమారు ఐదు కిలోమీటర్లు. కొసన ఉన్న హెయిన్స్ పాయింట్ దగ్గర పోటోమాక్, అనకోస్టియా నదులు కలుస్తాయి. అవతలి ఒడ్డున విమానాలు దిగుతుంటాయి. పిల్లలకు అదో సరదా.

యోషినో పూత దాటిపోయిందా? ఫర్వాలేదు. మరో రెండు వారాలకు ఈ పార్కులోనే 'క్వాంజన్' రకం విచ్చుకుంటుంది. ముద్దబంతిలా రేకుల మీద రేకులతో, ముదురు గులాబీ రంగులో ఉంటుంది.

అక్కణ్నుంచి నగరానికి ఈశాన్యాన ఉన్న నేషనల్ ఆర్బోరెటమ్‌కి వెళ్లండి. 446 ఎకరాల చెట్ల తోట. టికెట్ లేదు. లోపల కారులోనే తిరగొచ్చు. ఇక్కడ రకరకాల చెర్రీలు ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి కాబట్టి ఏదో ఒకటి కంటబడుతుంది. ఏప్రిల్ చివరికి అజేలియాల వంతు. పచ్చిక మధ్యలో 22 రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు పార్లమెంటు భవనమైన కాపిటల్‌వి అవి.

కాల్చేసిన కానుక

ఈ చెట్ల వెనక పెద్ద కథే ఉంది. ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి 1885లో జపాన్ నుంచి తిరిగొచ్చి, నది ఒడ్డున చెర్రీలు నాటమని అధికారులను అడిగారు. ఎవరూ పట్టించుకోలేదు. అడుగుతూనే ఉన్నారు... 24 ఏళ్లు! చివరికి అధ్యక్షుడు టాఫ్ట్ భార్య హెలెన్ సరేనన్నారు. 1910లో టోక్యో నగరం 2,000 మొక్కలు పంపింది. తీరా చూస్తే పురుగులు, తెగుళ్లు! అన్నింటినీ తగలబెట్టాల్సి వచ్చింది. ఇంకొకరైతే అవమానమనుకుని ఊరుకునేవారు. టోక్యో మేయర్ యుకియో ఒజాకి మాత్రం 1912లో మళ్లీ 3,020 మొక్కలు పంపారు. ఆ మార్చి 27న హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిందా కలిసి మొదటి రెండు మొక్కలు నాటారు.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ దాడి తర్వాత ఎవరో కోపంతో నాలుగు చెట్లు నరికేశారు. మిగతావి ఆ యుద్ధాన్నీ దాటుకొచ్చాయి. అంతేనా? టోక్యోలోని అరకావా నది ఒడ్డున తల్లిచెట్లు యుద్ధకాలంలో దెబ్బతింటే, 1952లో వాషింగ్టన్ చెట్ల కొమ్మలే అక్కడికి వెళ్లి అంటుకట్టాయి. పుట్టింటి నుంచి వచ్చిన పసుపు కుంకుమ తిరిగి పుట్టింటినే కాపాడినట్టు!

ఇప్పుడు ఆ చెట్లకు నీటితోనే గండం. గోడలు కుంగి, పోటు వచ్చినప్పుడల్లా నీళ్లు ఒడ్డెక్కి వేళ్లు నానిపోయేవి. గోడ బాగుచేయడానికి 2024లో వందకు పైగా చెర్రీ చెట్లు తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది జపాన్ మరో 250 మొక్కలు కానుకగా ప్రకటించింది.

ఇవి గుర్తుంచుకోండి

* పూలరోజుల్లో కొన్ని రోడ్లు మూసేస్తారు, పార్కింగ్ దొరకడం కష్టం. బయల్దేరే ముందే కనుక్కోండి.
* తెల్లవారుజామున వెళ్తే రద్దీ తక్కువ, వెలుగు బాగుంటుంది.
* పువ్వు కనబడితే కోసి జడలో తురుముకోవడం మనకలవాటు. అక్కడ ఒక్క రెమ్మ తుంచినా నేరమే.
* 'పళ్లెప్పుడు కాస్తాయి?' అని అడగొద్దు. ఇవి పళ్ల కోసం పెంచిన చెర్రీలు కావు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట పిల్లలకు. 'ఈ వారం పనుంది, వచ్చే ఆదివారం తీసుకెళ్తాలే' అని అమ్మానాన్నలకు చెబుతున్నారా? అప్పటికి చెట్టు కింద రేకులే మిగులుతాయేమో. మధ్యలో ఓ పూట సెలవు పెట్టేయండి. ఆఫీసు ఆగుతుంది... పూలు ఆగవు!