పొట్లం చేతికివ్వరు, సూది మాత్రం గుచ్చుతారు

నీళ్ల విరేచనాలైన పిల్లలకు ఏం చేయాలో తేలిపోయి యాభై ఏళ్లు దాటింది. అయినా వానాకాలంలో మన ఊళ్లలోని చిన్న క్లినిక్కుల్లోకి తొంగి చూడండి. నీళ్లకోసం చేయి చాపుతున్న పిల్లాణ్ణే బల్ల మీద పడుకోబెట్టి నరం వెతుకుతుంటారు. ఈ చేతికి దొరక్కపోతే ఆ చేయి, అదీ కాకపోతే పాదం. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఇద్దరు గట్టిగా పట్టుకుంటారు. గోడ మేకుకు సెలైన్ సీసా. చీటీలో ఒక యాంటీబయాటిక్. నీళ్లలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పొట్లం ఊసే ఉండదు. చూస్తుంటే కడుపు మండిపోతుంది.

స్పృహలేని పిల్లాడికి, గుక్కెడు కూడా మింగలేని పిల్లాడికి సెలైన్ పెట్టాల్సిందే. దాని గురించి కాదు నా గొడవ. తాగగలిగిన వాడికి ఎందుకు గుచ్చుతున్నారన్నదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనాన్ని పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్‌లో కలరా చుట్టుముట్టింది. మంచాలు చాలలేదు. వాంతులు, విరేచనాల మధ్య నేల మీదే మనుషులు. సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా లెక్క ప్రకారం పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. గతిలేక చేసిన సాహసమే, కానీ గుడ్డిది కాదు. పేగులో గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి పోతుందని 1960లోనే రాబర్ట్ క్రేన్ చెప్పారు. సోడియం వెనకే నీరూ పోతుంది. 1968కల్లా ఢాకాలో కలరా రోగుల మీద అది రుజువైంది. ఈ శతాబ్దపు అతిముఖ్య వైద్య పురోగతి ఇదే కావచ్చని 1978లో లాన్సెట్ పత్రిక రాసింది. ఇంకేం రుజువు కావాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది నూటికి 61 మందికే. దాంతోపాటు జింక్ కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో చెప్పాయి. అది 31 మందికే. మిగతా పిల్లల సంగతి ఎవరికి పట్టింది?

క్లినిక్కుల వాళ్లను అడిగితే "వాళ్లే సెలైన్ పెట్టమంటారండీ, పొట్లం ఇస్తే ఇదేం వైద్యం అంటారు" అని తప్పు తల్లిదండ్రుల మీదికి నెడతారు. కర్ణాటక, బిహార్‌లలో వైద్యం చేసేవాళ్లను రెండు వేల మందికి పైగా పరిశీలించిన అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓఆర్ఎస్ రాయకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం, రోగులకు అది ఇష్టముండదని వీళ్లు అనుకోవడమేనట. స్టాకు లేకపోవడం, లాభం తక్కువ కావడం దాని ముందు చిన్న కారణాలు. మాకు ఓఆర్ఎస్ కావాలని నోరు తెరిచి అడిగిన చోట రాయడం బాగా పెరిగింది. అంటే అడగరని మీకు మీరే అనేసుకుని, ఆ ఊహ పేరు చెప్పి పసివాడి నరం గుచ్చుతున్నారన్నమాట! చదువుకున్నది మీరు. లీటరు నీళ్లలో పొట్లం ఎలా కలపాలో, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో ఎలా పట్టాలో ఆ తల్లికి చెప్పాల్సింది మీరు. చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలే మీకు బరువైపోయాయి.

పొట్లం కొందామని మందుల షాపుకెళ్లిన వాళ్లకూ మోసమే ఎదురైంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని పండ్ల రుచితో చక్కెర నీళ్లు అమ్ముకున్నారు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీరు చేరి విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబరు దాకా గానీ ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ గట్టిగా ఆదేశించలేదు. అన్నేళ్లు ఆ డబ్బాలు తాగిన పిల్లలకు జవాబుదారీ ఎవరు?

మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. సంతోషమే. కానీ ఎందరు పిల్లలకు పొట్లం ఇచ్చారు, ఎందరికి సీసా పెట్టారు, ఎందుకు పెట్టారు అని ప్రతి క్లినిక్కునూ లెక్క అడిగే అధికారి మాత్రం ఎక్కడా కనపడడు. ఆ బల్లల మీద ఏడుస్తున్నది పెద్దవాళ్ల పిల్లలై ఉంటే ఈ లెక్క ఎప్పుడో అడిగి ఉండేవారు.