విట్‌మన్‌ని మార్చింది యుద్ధమా, ఆసుపత్రా?

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనలో చాలామందికి వాల్ట్ విట్‌మన్ అంటే ఒక్క పోయెమే: 'ఓ కెప్టెన్! మై కెప్టెన్!' ఓడ అంటే అమెరికా, ప్రయాణం అంటే సివిల్ వార్, కెప్టెన్ అంటే లింకన్. ఈ మూడూ రాస్తే మార్కులొచ్చేస్తాయి. ఇక "కవిపై కాలప్రభావం" అని అడిగితే, కాలం ఇన్‌పుట్, కవిత్వం అవుట్‌పుట్ అన్నట్టు రాసేస్తాం. నాకు ఈ లెక్క నచ్చదు. ఎందుకంటే ఒకే యుద్ధంలో విట్‌మన్ రెండు రకాల కవిత్వం రాశాడు.

1861లో రాసిన 'బీట్! బీట్! డ్రమ్స్!' చూడండి. డ్రమ్ముల హోరులో చదువులు, పెళ్లిళ్లు, బేరాలు అన్నీ ఆగిపోవాల్సిందే, తల్లి బతిమాలినా వినక్కర్లేదు. అప్పటికి ఆయన న్యూయార్క్‌లో కూర్చుని యుద్ధాన్ని పేపర్లో చదువుతున్నాడు.

1862 డిసెంబర్లో అదే పేపర్లో ఫ్రెడెరిక్స్‌బర్గ్ క్షతగాత్రుల లిస్టు వచ్చింది. అందులో తమ్ముడు జార్జ్ పేరులాంటిది కనిపించింది, అదీ తప్పు స్పెల్లింగ్‌తో. వెంటనే బయల్దేరాడు. వర్జీనియాలో తమ్ముడు దొరికాడు, చెంప మీద చిన్న గాయంతో. కానీ అక్కడ ఆసుపత్రిగా మార్చిన ఓ పెద్ద ఇంటి బయట, చెట్టు మొదట్లో, కోసేసిన కాళ్లూ చేతులూ కుప్పగా పడున్నాయి. ఒంటిగుర్రం బండికి సరిపడా ఉంటాయని రాసుకున్నాడు.

ఆ తర్వాత వాషింగ్టన్‌లోనే ఉండిపోయాడు. ఆఫీసు కాగితాలకు నకళ్లు రాసే పార్ట్‌టైమ్ పని చేస్తూ, మిగతా టైమంతా ఆసుపత్రుల్లో గడిపాడు. డాక్టరేం కాదు. పళ్లు, పొగాకు, కాగితాలు, స్టాంపులు పట్టుకెళ్లేవాడు. రాయలేని సైనికుల తరఫున ఇళ్లకు ఉత్తరాలు రాసేవాడు, ఏ పక్షం వాళ్లయినా సరే. మొత్తం ఆరొందల సార్లకు పైగా వెళ్లానని తర్వాత తనే చెప్పాడు.

'ద వూండ్ డ్రెసర్' అక్కడి నుంచి వచ్చింది. మంచం తర్వాత మంచం, కట్టు తర్వాత కట్టు, అంతే. మొదట్లో జనాన్ని యుద్ధానికి రెచ్చగొడదామనుకున్నా గానీ చేతులాడలేదని ఆ పోయెమ్‌లోనే ఒప్పుకుంటాడు. నాకు ఇంకా నచ్చేదేంటంటే, పాత డ్రమ్ముల పోయెమ్‌ని ఆయన తీసెయ్యలేదు. 1865లో వచ్చిన 'డ్రమ్-ట్యాప్స్'లో రెండూ ఉన్నాయి.

అలాగని ఆసుపత్రి ఆయన్ని పూర్తిగా మార్చేసిందనీ అనలేం. 1855లోనే బానిసల వేలంపాట మీద అంత గట్టిగా రాసిన మనిషి, యుద్ధం తర్వాత నల్లజాతివారి ఓటుహక్కు దగ్గరికొచ్చేసరికి వెనకాడాడు. ఆ విషయం మీద ప్రాణస్నేహితుడు ఓకానర్‌తో తగువు కూడా పడ్డాడు. సిలబస్ దీన్నీ చెప్పదు.

'ఓ కెప్టెన్' సంగతికొస్తే, అది ఆయన మామూలుగా రాసే పద్ధతికి విరుద్ధం. ప్రాసలు, లెక్కగా పాదాలు. జనం అదే కావాలని అడిగీ అడిగీ, చివరికి అసలెందుకు రాశానా అని ఆయనే విసుక్కున్నాడు. నన్నడిగితే పాఠంగా 'వూండ్ డ్రెసర్' పెట్టాలి. కాకపోతే అందులో ఓడ లేదు, కెప్టెన్ లేడు, కాలు అంటే కాలే. పేపర్ దిద్దేవాళ్లకి కొంచెం కష్టం.