దొంగకు లేని సరిహద్దు పోలీసుకు ఉంది

గండికోట: పెన్న లోయ అంచున ఉన్న ఈ కోటకు వచ్చే యాత్రికులు నేడు చిరుతిండికి సైతం సెల్‌ఫోన్‌తోనే డబ్బు చెల్లిస్తున్నారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల రైతుల బ్యాంకు ఖాతాలూ ఫోనుతో ముడిపడే ఉన్నాయి. ఆ ఖాతాలకు కన్నం వేసేవాడు మాత్రం తరచు విదేశంలో కూర్చొని ఉంటున్నాడు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన ఉదంతమే ఇందుకు తార్కాణం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఏజెంట్లు మన రాష్ట్ర యువకులను కంబోడియాకు పంపారు. అక్కడి ముఠాలు వారిని నిర్బంధించి, భారతీయులకే ఫోన్లు చేయించి మోసాలకు పాల్పడ్డాయి. మనవారిని దోచడానికి మన భాషలు వచ్చినవారే కావలసి వచ్చారన్నమాట! ఏజెంట్లను ఇక్కడ అరెస్టు చేయగలిగారు గాని, ముఠా నాయకులను పట్టాలంటే ఆ దేశ ప్రభుత్వం కలసిరావాలి.

ఈ లోటు తీర్చేందుకే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 24న సైబర్ నేరాలపై ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. దీని ప్రకారం ప్రతి దేశమూ రేయింబవళ్లు పనిచేసే సంప్రదింపు కేంద్రాన్ని నెలకొల్పాలి. వేరొక దేశం కోరితే కంప్యూటర్లలోని సాక్ష్యాలు చెరిగిపోకుండా భద్రపరచాలి. 2025 అక్టోబరులో వియత్నాం రాజధాని హనోయిలో అరవైకి పైగా దేశాలు సంతకాలు చేయగా, వాటిలో భారతదేశం లేదు. 40 దేశాలు ధ్రువీకరించిన 90 రోజులకు గాని ఒప్పందం అమలులోకి రాదు. దీనిని సాకుగా చూపి ప్రభుత్వాలు పౌరులపై నిఘా పెంచుతాయన్న విమర్శ ఉంది. అది కొట్టివేయదగినది కాదు. కాని సొమ్ము పోయిన రైతుకు వేరే దారీ కనిపించడం లేదు.

ప్రస్తుతానికి డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేస్తే కొంతైనా దక్కే అవకాశముంది.