చిల్లుల టోపీకి చిల్లర ధరేనా?

అల్లిన టోపీ అనగానే మనకు ఊలు, చలికాలం, పసిపిల్లలు గుర్తొస్తారు. రాజంపేట ఎండలకు టోపీ అల్లుకోవడం ఏంది అని నవ్వేవాళ్లూ ఉన్నారు. నేను చెప్పేది సన్నటి నూలు దారంతో, ఒకే ఒక్క క్రోషే సూదితో అల్లే లేసు టోపీ గురించి. పెట్టుకుంటే బరువే తెలీదు. నూలు చెమట పీల్చుకుంటుంది, చిల్లుల్లోంచి గాలి ఆడుతుంది. ఇది మనకు కొత్త కూడా కాదు. శుక్రవారం నమాజుకు పోయే మన ఫ్రెండ్స్ పెట్టుకునే తెల్ల జాలీ టోపీ ఈ కుటుంబానిదే. మిట్టమధ్యాహ్నం ఎండలో నడవాలంటే తువ్వాలే మేలు, కాదనను. బస్సులో, చెట్టు నీడలో, సాయంత్రం గ్రౌండ్‌లో మాత్రం నాకు లేసు టోపీనే ఇష్టం.

నా గొడవంతా దాని ధర గురించి. మా చిన్నమ్మ ఒక టోపీ పూర్తి చేయడానికి వారం రోజుల మధ్యాహ్నాలు పడతాయి. చూసినవాళ్లు "బాగుంది, టైంపాస్‌కు అల్లినావా?" అంటారు. కొనేవాళ్లు దారం ఖర్చు లెక్కేసి, దాని మీద ఇంకో ఇరవై రూపాయలు ఇస్తామంటారు.

టైంపాస్ అనేవాళ్లకు మన సీఎస్‌ఈ భాషలోనే చెప్తాను. టోపీ నడినెత్తి దగ్గర మొదలవుతుంది. ముందు చిన్న గొలుసు రింగు, దాంట్లో 12 నిలువు కుట్లు. తర్వాతి వరసలో 24, ఆపైన 36, 48. ఇలా వరసకు 12 పెంచుకుంటూ పోతే చక్రం చదునుగా వస్తుంది. పెంచడం ఆపితే అంచు కిందికి దిగి టోపీ అవుతుంది. మరీ ఎక్కువ పెంచితే కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. ఇది లూప్ కాదా? కండిషన్ కాదా? ఒక కుట్టు తప్పితే నాలుగు వరసలు ఊడదీయడం డీబగ్గింగ్ కాదా? ఆ ముడతలనే 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణితవేత్త క్రోషేతో అల్లి, హైపర్బోలిక్ జ్యామితిని చేత్తో పట్టుకుని చూసేలా చేశారు. అక్కడ గణితం, మన ఇంటి వసారాలో టైంపాస్!

ఇంకో విషయం. రెండు సూదుల నిట్టింగ్ పనికి ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లోనే యంత్రం చేశాడు. క్రోషే మాత్రం ఈరోజుకీ చేతిపనే. క్రోషే మెషిన్ అని అమ్మేవి చేసేది నిజానికి వేరే రకం నిట్టింగ్. యంత్రానికి చేతకాని పని నేర్చుకుంటే మంచి జీతం వస్తుందని మనకు రోజూ చెప్తుంటారు కదా. ఆ లెక్క అల్లే ఆడవాళ్లకు ఎందుకు వర్తించలేదు?

జవాబు నరసాపురంలో దొరుకుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఆ అల్లికల వాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం తెచ్చారు. ఇంటి పనంతా చేసుకుని, రోజూ గంటల తరబడి అల్లేవాళ్లను కార్మికులు అనలేదు, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులు అన్నారు. ఆ పేరు పెట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వాదన. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. లేసుకు వచ్చిన గుర్తింపు అల్లిన గంటలకు కూడా రావాలి.

"ధర పెంచితే ఎవరు కొంటారు? మెషిన్ టోపీ చవకగా వస్తుంది" అంటారు. అయితే మెషిన్‌దే కొనుక్కోండి, తప్పేం లేదు. చేత్తో అల్లింది కావాలంటే మాత్రం దారం ఎంతైంది అని కాకుండా, ఎన్ని గంటలు పట్టింది అని అడగండి. మన ఫెస్ట్‌లో చేతిపనుల స్టాల్ పెడితే, ప్రతి వస్తువు మీద ధర పక్కనే పట్టిన గంటలు కూడా రాద్దాం. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌ను గంటలతో భాగించి చూసుకునే మనకు ఈ భాగహారం ఏమంత కష్టం?