కడుపుకు పడిన కిటికీ

పిల్లలూ! మీరు తిన్న అన్నం లోపలికి పోయి ఏమవుతుందో చూడాలని మీకెప్పుడైనా అనిపించిందా? కడుపుకు కిటికీ ఉండదు గదా అంటారు. కాని ఒక మనిషి కడుపుకు నిజంగానే కిటికీ పడింది!

1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ ద్వీపంలో, ఒక దుకాణంలో పొరపాటున తుపాకీ పేలింది. ఆ దెబ్బ అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడుచువాడి ఎడమ ప్రక్కన తగిలింది. సైన్యంలో డాక్టరైన విలియం బోమంట్ అతన్ని చూసి, బ్రతకడనే అనుకున్నాడు. అయినా వైద్యం మానలేదు. మార్టిన్ బ్రతికాడు. కాని అతని కడుపులోకి పడిన రంధ్రం మాత్రం పూడలేదు.

ఆ రోజుల్లో ఆహారం ఎలా అరుగుతుందన్న విషయమై పండితులే వాదించుకునేవారు. కడుపు తిరగలిలాగా నూరుతుందని కొందరు, ఆహారం లోపల కుళ్ళుతుందని కొందరు అనేవారు. 1825లో బోమంట్ మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోకి వదిలాడు. గంట తరువాత పైకి లాగి చూస్తే రొట్టె, క్యాబేజీ సగం కరిగిపోయాయి. మాంసం అలాగే ఉంది. కడుపులో ఊరే రసాన్ని సీసాలోకి తీసి, మన ఒంటి వేడిమిలో ఉంచి, అందులో మాంసం వేశాడు. అక్కడ నూరే తిరగలి లేదు. అయినా మాంసం మెల్లగా కరిగింది! ఇదంతా జీర్ణరసం మహిమేనని తేలింది. మార్టిన్‌కు కోపం వస్తే అరుగుదల చెడుతుందని కూడా బోమంట్ గమనించాడు. భోజనాల దగ్గర పోట్లాటలు వద్దని పెద్దలు ఊరికే అనలేదు. పెద్దలు కూడా ఆ వేళ పిల్లల్ని కోప్పడకుండా ఉంటే మంచిది!

అయితే ఆ కిటికీలోంచి కనిపించింది సగం కథే. అరుగుదల నోట్లోనే మొదలవుతుంది. వట్టి అన్నం మెతుకులు కొన్ని చాలాసేపు నమిలి చూడండి, కాస్త తియ్యబడతాయి. ఉమ్మి అందులోని పిండిని చక్కెరగా మారుస్తున్నదన్నమాట. కడుపు దాటిన ఆహారం సుమారు 6 మీటర్ల పొడవున్న చిన్న ప్రేవులో ప్రవేశిస్తుంది. దాని లోపలి గోడ మఖమలు గుడ్డలా ఉంటుంది. ఆ నూగంతా సన్నని వేళ్ళవంటి మొలకలు. అవి లక్షలాదిగా ఉంటాయి. చక్కెరనూ, మాంసకృత్తుల సారాన్నీ ఇవే పీల్చి నెత్తురుకు అందిస్తాయి. నెత్తురు వాటిని ముందు కాలేయానికి చేరుస్తుంది. క్రొవ్వు వేరే సన్నని నాళాల దారిన పోయి, చివరకు నెత్తురులోనే కలుస్తుంది. మిగిలినదానిలోని నీటిని పెద్ద ప్రేవు పీల్చుకుంటుంది.

1833లో బోమంట్ తన పరీక్షలన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. డాక్టరుకు పేరు వచ్చింది. మరి మార్టిన్? అతను బీదవాడు. జీతం పుచ్చుకుని, ఇంటికి దూరంగా ఉండి ఆ పరీక్షల బాధ భరించాడు. ఒకసారి విసిగి స్వదేశమైన కెనడాకు వెళ్ళిపోయాడు కూడా. 1853లో డాక్టరు పోయాక, అతను ఇంకా 27 ఏళ్ళు బ్రతికాడు.

ఈసారి ముద్ద నోట పెట్టుకునేటప్పుడు డాక్టరుతోపాటు మార్టిన్‌ను కూడా తలుచుకోండి. బాగా నమిలి మింగండి!